ఆషాఢంలో ఒళ్లు చేసే గుర్రం

ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగుతాయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ వైపు బరాత్‌లకు తిప్పే గుర్రాలకు పని ఉండదు. దాణా మాత్రం తగ్గదు. శనగలు, గోధుమ పొట్టు, ప్రేమ కొద్దీ బెల్లం ముక్క. తొలకరికి మొలిచిన లేతగడ్డి అదనం. గుర్రం నిగనిగలాడుతూ ఒళ్లు చేస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. నాకు భయం వేసేది అప్పుడే.

జూలు కింద మెడ గట్టిగా ఉబ్బి, తోక మొదట్లో కొవ్వు పేరుకుంటే అది బలం కాదు. లోపల ఇన్సులిన్ అదుపు తప్పిందేమోనని అనుమానించాలి. దీన్ని ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్ అని పిలవడం మొదలైంది 2002లోనే. మనుషుల షుగర్ జబ్బుకు దగ్గరిదే కానీ, ఇక్కడ రక్తంలో చక్కెర చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. పాంక్రియాస్ మోతాదుకు మించి ఇన్సులిన్ వదిలి చక్కెరను అణచి ఉంచుతుంది. కాబట్టి షుగర్ మిషన్‌లో అంకె చూసి ధీమా పడటానికి లేదు, రక్తంలో ఇన్సులిన్‌నే కొలిపించాలి.

గిట్టలను చెడగొట్టేది ఆ ఇన్సులినే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2007లో ఆరోగ్యంగా ఉన్న పోనీలకు (పొట్టి జాతి గుర్రాలకు), చక్కెర స్థాయి మారకుండా చూస్తూ, ఇన్సులిన్ ఎక్కించారు. 72 గంటల్లోపే వాటన్నిటికీ లామినైటిస్ వచ్చింది. అంటే గిట్ట లోపలి ఎముకను బయటి గోడకు పట్టి ఉంచే సన్నని పొరలు సాగి పట్టు వదిలేస్తాయి. ముదిరితే ఎముక కిందికి తిరిగిపోతుంది. ఆ నొప్పి మాటల్లో చెప్పలేనిది.

అందుకే నడకను కనిపెట్టాలి. గట్టి నేల మీద పొట్టి అడుగులు, మలుపు దగ్గర మొండికేయడం, ముందు కాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడటం. గిట్టకు కాస్త పైన, కాలి వెనక పక్కల్లో వేళ్లు పెడితే నాడి ఎగిరెగిరి కొడుతుంది. కాళ్లు పట్టేశాయనుకుని సిమెంటు రోడ్డు మీద నడిపించొద్దు. మందంగా ఇసుక పరిచి నిలబెట్టి, పశువుల డాక్టర్‌ను పిలవండి. స్టెరాయిడ్ సూది ఇలాంటి గుర్రానికి ముప్పు తేవచ్చు, కాబట్టి మెడ సంగతి ఆయనకు ముందే చెప్పండి.

శనగలు, పొట్టు, బెల్లం ఆపాలి. పస్తు మాత్రం పెట్టకూడదు. ముఖ్యంగా పొట్టి గుర్రాల్లో ఒంటి కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 4.5 కిలోల ఎండబెట్టిన గడ్డి చాలు. గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత పోతుంది. గిట్టలు కుదుటపడి, డాక్టర్ సరేనన్నాక రోజూ నడక.

15 ఏళ్లు దాటిన గుర్రానికి ఎండాకాలంలోనూ బొచ్చు రాలకపోతే, అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు. దానికి పెర్గోలైడ్ మాత్ర వేరే ఉంది. అందులోనూ గిట్టలను కనిపెట్టక తప్పదు.