అసలు పేరు చెప్పడానికి పట్టే రోజులు

ఇంట్లోంచి పారిపోయి రైలెక్కిన పిల్లాడు మొదటిసారి చెప్పే పేరు చాలాసార్లు వాడిది కాదు. రాజు, రవి, చిన్నా... ఏది నోటికొస్తే అది. ఊరేదంటే పెద్ద స్టేషన్ పేరేదో చెప్తాడు. నాన్న లేడంటాడు, అమ్మ చచ్చిపోయిందంటాడు. వారం పది రోజులు గడిచాక, క్యారమ్స్ ఆడుతూనో, జ్వరంతో పడుకుని నుదుటి మీద తడిగుడ్డ వేయించుకుంటూనో, "అన్నా, మా అమ్మ ఉంది" అని మొదలుపెడతాడు. వీధి బాలుర హోం నడిపేవాళ్లలో ఎవరిని కదిపినా ఇదే మాట. వాళ్ల పనంతా ఆ మొదటి పేరుకీ ఈ రెండో పేరుకీ మధ్యనే ఉంటుంది.

ఇలాంటి హోంల గురించి మన దగ్గర మాట వచ్చిందంటే రెండే ముక్కలు వినిపిస్తాయి: ఒకరు దేవుళ్లంటారు, ఇంకొకరు దందా అంటారు. నడిపేవాళ్ల పని ఏమిటో, అది ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మారిందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

మన దేశంలో ఈ పని జాలితో మొదలుకాలేదు, కోర్టుతో మొదలైంది. 1850లో ఈస్టిండియా కంపెనీ పాలనలో వచ్చిన అప్రెంటిస్ చట్టం దిక్కులేని పిల్లల్ని, చిల్లర నేరాలు చేసినవాళ్లని ఏదైనా పని నేర్పేవాడి దగ్గర ఒప్పందం మీద పెట్టమంది. తర్వాత 1876లో, మళ్లీ 1897లో నేరం చేసిన కుర్రాళ్లని దిద్దడానికని రిఫార్మేటరీ స్కూళ్ల చట్టాలు. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. దేశంలో పిల్లల కోసం ఒక రాష్ట్రం చేసిన మొదటి చట్టం అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే ఉన్నాయి కాబట్టి మనకూ వర్తించింది. వీధిలో తిరిగే పిల్లాడు, అడుక్కునే పిల్లాడు, దొంగతనం చేసిన పిల్లాడు, అందరూ కోర్టు ముందు నిలబడాల్సినవాళ్లే. అక్కడి నుంచి సర్టిఫైడ్ స్కూలుకి. దాన్ని నడిపేవాడు సూపరింటెండెంటు. గంట, గేటు, వరసలో నిలబెట్టి లెక్కపెట్టుకోవడం. హోంలో రాత్రిపూట ఉండేవాణ్ని ఇప్పటికీ 'వార్డెన్' అంటున్నామంటే ఆ వాసన పూర్తిగా పోలేదనే. జైల్లోనూ వార్డెనే కదా.

దీన్ని తిరగేసినవాళ్లు 1980లలో వచ్చారు. ఈ మార్పు మన దగ్గర బాగా కనపడిన ఊరు విజయవాడ.

ఎందుకు విజయవాడంటే జంక్షన్ కాబట్టి. చెన్నై నుంచి, హౌరా నుంచి, కాజీపేట మీదుగా ఢిల్లీ నుంచి వచ్చే లైన్లన్నీ అక్కడే కలుస్తాయి. ఏ బండెక్కినా దాదాపు అన్నీ అక్కడ ఆగుతాయి, ఆగి కాసేపు ఉంటాయి కూడా. పది ప్లాట్‌ఫాంలు. ఖాళీ వాటర్ బాటిళ్లకి కొదవ లేదు. చొక్కా విప్పి బోగీ ఊడిస్తే చేతిలో చిల్లర పడుతుంది. స్టేషన్ బయటికొస్తే వన్‌టౌన్, మార్కెట్లు, కాస్త నడిస్తే కృష్ణ ఘాట్లు, పైన దుర్గమ్మ గుడి. ఆకలేస్తే ఎక్కడో ఒకచోట ప్రసాదమో పులిహోరో దొరుకుతుంది. పారిపోయి వచ్చినవాడికి ఇంతకన్నా వీలైన ఊరు ఉండదు. పిల్లల్ని వాడుకునేవాళ్లకీ అంతే వీలు.

1980ల మధ్యలో అక్కడ ఎస్‌కేసీవీ అనే సంస్థ వీధి పిల్లల కోసం పని మొదలుపెట్టింది. 1989లో డాన్ బోస్కో సంఘానికి చెందిన సలేషియన్ ఫాదర్లు నవజీవన్ బాల భవన్ పెట్టారు. డాన్ బోస్కో 1841 నుంచి ఇటలీలోని ట్యూరిన్‌లో, పనికోసం ఊళ్ల నుంచి వచ్చి వీధుల్లో పడ్డ కుర్రాళ్లతో పనిచేసిన ఫాదరీ. శిక్షించడం కాదు, పిల్లాడి పక్కన ఉండటమే పద్ధతి అన్నది ఆయన దారి. సలేషియన్లు మన దేశానికి 1906లో తంజావూరుకి వచ్చారు. చాలా ఏళ్లు స్కూళ్లు, ఐటీఐల పనే ఎక్కువ. ప్లాట్‌ఫాం మీదికి రావడం తర్వాతి సంగతి.

నవజీవన్ పెట్టిన ఏడాదే, 1989 నవంబరు 20న, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది. కాకతాళీయమే కావచ్చు కానీ, కాగితం మీద పిల్లాడి హక్కు అన్న మాట రాసుకుంటున్న ఏడాదే ప్లాట్‌ఫాం మీద పిల్లాడి పక్కన మనిషి కూర్చున్నాడు.

కూర్చోవడం అనే ఈ పనిని దగ్గర నుంచి చూడాలి. పొద్దున బండి వెళ్లిపోయాక బెంచీ కింద గోనెసంచి తలకింద పెట్టుకుని పడుకున్న పిల్లాడి దగ్గరికి ఓ అన్న వెళ్తాడు. 'రా' అనడు. 'పద' అసలే అనడు. పక్కన కూర్చుని టీ తాగుతాడు. వాడి కాలికి చీము పట్టిన గాయం ఉంటే దూది, టించర్ తీస్తాడు. మర్నాడు మళ్లీ వస్తాడు. మూడో రోజు వాడే దూరం నుంచి చూసి నవ్వుతాడు. చేతిగుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తుంటే లాక్కోడు. అందులో మత్తు కోసం పోసుకున్నది పంక్చర్ల సొల్యూషనో, రాత తప్పులు చెరిపే వైట్‌నరో వాసనని బట్టే తెలుస్తుంది. లాక్కుంటే ఆ పిల్లాడు మళ్లీ కనపడడు. ఈ వ్యసనం ఎంత పాకిందంటే, 2012లో కేంద్రం సీసాల్లో వైట్‌నర్ అమ్మకాన్నే నిషేధించాల్సి వచ్చింది. పెన్నుల్లో మాత్రమే అమ్మమంది.

అలా మొదలైనచోట తలుపు తీసే ఉండేది. పిల్లాడు వచ్చి స్నానం చేసి, అన్నం తిని, తన మూటని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుని మళ్లీ వెళ్లిపోవచ్చు. నచ్చితే ఉండొచ్చు. సూపరింటెండెంటు గేటుకి ఇది పూర్తిగా ఎదురుదారి. తర్వాత ప్రభుత్వమే దీన్ని 'ఓపెన్ షెల్టర్' అని పథకంలో పెట్టుకుంది.

చట్టం దీని వెనకాలే నడిచి వచ్చింది, అదీ కుంటుకుంటూ. 1986 జువెనైల్ జస్టిస్ చట్టం, జమ్మూకశ్మీర్ తప్ప, దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చింది. నేరం చేసినవాణ్ని, దిక్కులేనివాణ్ని వేరుచేసింది. కానీ అందులో మగపిల్లాడు పదహారేళ్ల దాకానే పిల్లాడు, ఆడపిల్ల పద్దెనిమిది దాకా. పదహారు దాటిన కుర్రాడు ప్లాట్‌ఫాం మీద దొరికితే పెద్దాడి లెక్కే. 2000 చట్టం 2001 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఇద్దరికీ పద్దెనిమిదే అంది. హోంలు నడిపేవాళ్లకి ఆ రోజుతో ఒక కొత్త రకం పిల్లాడు వచ్చిపడ్డాడు: మీసాలొచ్చినవాడు, నాలుగైదేళ్లు సంపాదించి తిన్నవాడు, ఎనిమిదేళ్లవాళ్ల పక్కన చాప వేసుకోనని పేచీ పెట్టేవాడు. 'నిర్లక్ష్యానికి గురైన జువెనైల్' పోయి 'సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ' అన్న మాట వచ్చింది. 1986 చట్టం పెట్టిన జువెనైల్ వెల్ఫేర్ బోర్డు బదులు బాలల సంక్షేమ కమిటీ, అందరూ అనే సీడబ్ల్యూసీ.

ఈ లోపు ఫోను వచ్చింది. 1996లో ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో పనిచేసే జెరూ బిలిమోరియా ఆపదలో ఉన్న పిల్లల కోసం చైల్డ్‌లైన్ అనే ఫోను సేవ, 1098, మొదలుపెట్టారు. రాత్రి షెల్టర్లలో తనకి తెలిసిన పిల్లలు కష్టం వస్తే ఆమె ఇంటికే ఫోన్ చేసేవాళ్లట, దాన్నే ఒక నంబరు చేశారు. 'పది-తొమ్మిది-ఎనిమిది' అని పిల్లలు గుర్తుపెట్టుకునేలా. తర్వాత అది దేశమంతా పాకింది. ఊరూరా చైల్డ్‌లైన్ నడిపింది ఎవరో కాదు, చాలాచోట్ల ఈ హోంలు నడిపే సంస్థలే. విజయవాడలో నవజీవన్ కూడా అందులో ఉంది. దాంతో ఒకే మనిషి ఫోనెత్తడం, బండేసుకుని వెళ్లడం, పిల్లాణ్ని తెచ్చి అన్నం పెట్టడం, పొద్దున్నే సీడబ్ల్యూసీ ముందు నిలబెట్టడం. నిద్ర సంగతి అడక్కండి.

డబ్బు సంగతి మాత్రం అడగాలి. 2009లో కేంద్రం సమగ్ర బాలల సంరక్షణ పథకం, ఐసీపీఎస్, తెచ్చేదాకా ఎక్కువ హోంలు దాతల మీదే నడిచాయి. ఆ పథకం వచ్చాక ఒక పిల్లాడికి నెలకి ఇంత అని గ్రాంటు లెక్క వచ్చింది. అది పెరుగుతూ వచ్చి, ఆ పథకానికే కొత్త రూపమైన 2022 మిషన్ వాత్సల్యలో 3,000 రూపాయలు అయింది. అన్నం, బట్ట, సబ్బు, మందు, అన్నీ అందులోనే. అదే మిషన్‌లో, పిల్లాణ్ని హోంలో పెట్టకుండా ఇంట్లోనే ఉంచి చదివిస్తే ఆ కుటుంబానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకి 4,000. సర్కారు మనసు ఎటు ఉందో ఈ రెండు అంకెలే చెప్తాయి. అది తప్పని నేననను. పిల్లాడు ఇంట్లో ఉండటమే మంచిది. కాకపోతే తాగొచ్చి కొట్టే నాన్న కారణంగానే పారిపోయిన పిల్లాడికి 'ఇల్లు' అన్న మాటకి అర్థం వేరు.

2015లో కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం, 2016లో దాని నమూనా నియమాలు వచ్చాక ఈ పని చాలావరకు కాగితం పని అయింది. రిజిస్ట్రేషన్ లేకుండా హోం నడిపితే ఏడాది దాకా జైలో, లక్షకి తక్కువ కాకుండా జరిమానానో, రెండూనో. దొరికిన పిల్లాణ్ని ప్రయాణం కాక 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందుకి తేవాలి. పడుకునే హాల్లో మనిషికి 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. రోజుకి ఒకడికి బియ్యం, గోధుమ, రాగి, జొన్న కలిపి 600 గ్రాములు, పదహారు దాటినవాడికి 700. ఎవరు రాశారో కానీ, పదహారేళ్లవాడి ఆకలి తెలిసిన మనిషే. ప్రతి పిల్లాడికీ వేరే సంరక్షణ ప్రణాళిక, సామాజిక విచారణ నివేదిక, వైద్య రికార్డు, ప్రభుత్వ పోర్టల్‌లో ఎంట్రీ. ఇవేవీ అక్కర్లేనివి కావు. అద్దె ఇంట్లో నలభైమందిని కుక్కి, దాతలు వచ్చినప్పుడు కొత్త చొక్కాలు తొడిగించి ఫొటోలు తీసిన హోంలు మన రెండు రాష్ట్రాల్లోనూ లేవని ఎవరనగలరు?

అనుమానానికి అంతకన్నా పెద్ద కారణం బీహార్‌లో బయటపడింది. 2018లో ముజఫర్‌పుర్ ఆడపిల్లల షెల్టర్ హోంలో జరిగిన అత్యాచారాలు టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం చేసిన సోషల్ ఆడిట్‌తో వెలుగులోకి వచ్చాయి. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు అక్కడి మిగతా హోంల కేసులు కూడా సీబీఐకి ఇచ్చింది. దేశమంతా తనిఖీలు పెరిగాయి. పెరగాల్సిందే. సొంతంగా మంచి పని చేస్తున్నవాళ్లు కూడా ఆ తర్వాత ప్రతి బంధువుల పెళ్లిలోనూ 'మీ హోంలో ఏం జరుగుతుందో' అన్న చూపు భరించాల్సి వచ్చింది. మంచి హోం దీన్ని అవమానంగా తీసుకోదు, తలుపు ఇంకాస్త తెరుస్తుంది.

2020 ఇంకో రకంగా తగిలింది. సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్ర, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాలకి, హోంలలోని పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్లకి చేర్చే ఏర్పాటు చూడమని రాసింది. కరోనా నడుస్తోంది, ఊళ్లలో పనులు లేవు. ఎవరి ఇల్లు ఎలా ఉందో చూసి పంపాలి కదా అని పిల్లల కోసం పనిచేసేవాళ్లు మొత్తుకున్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదే నెలలో విదేశీ విరాళాల చట్టానికి సవరణ: ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, నిర్వహణ ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి కుదించాలి. పెద్ద సంస్థ నుంచి వచ్చే పైకంతో నడిచే చిన్న హోంలకి నెల జీతాల దగ్గరే చిక్కొచ్చిపడింది. కౌన్సెలర్ మానేశాడు. వంటమనిషి సగం జీతానికి ఉంది. ఇలాంటివి నాకు తెలిసినచోటే చూశాను.

2023 నుంచి 1098 కూడా సంస్థల చేతుల్లోంచి రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వెళ్లింది. స్టేషన్లలో పిల్లల్ని గుర్తించే పని 2018 నుంచి రైల్వే రక్షణ దళం, ఆర్పీఎఫ్, 'నన్హే ఫరిష్తే' పేరుతో చేస్తోంది. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు గాలిస్తారు. దీనివల్ల దొరికే పిల్లల సంఖ్య పెరిగింది, రాత్రికి రాత్రి చేతులు మారే పిల్లలు కొందరైనా ఆగారు. అందులో సందేహం లేదు.

కానీ హోం వైపు నుంచి చూస్తే దృశ్యం వేరు. రాత్రి పదకొండుకి జీపు ఆగుతుంది. యూనిఫాం ఉన్నాయన ఒక పిల్లాణ్ని, ఒక కవరుని అప్పజెప్తాడు. కవర్లో కాగితాలు ముందే నిండి ఉంటాయి: పేరు రాజు, వయసు 12, ఊరు సికింద్రాబాద్, తల్లిదండ్రులు లేరు. వార్డెనన్న సంతకం పెట్టి తీసుకుంటాడు. గజ్జి లోషన్, సబ్బు, నిక్కరు, చొక్కా, ఒక చెంబు వేడినీళ్లు. అన్నం పెడితే పిల్లాడు రెండోసారి అడగడానికి సిగ్గుపడి ముద్దలు చిన్నవి చేసుకుంటాడు. అన్న అడగకుండానే ఇంకో గరిటె వేస్తాడు.

తొమ్మిదో రోజు గిన్నెలు తోముతూ, "అన్నా, మాది సికింద్రాబాద్ కాదు. నా పేరూ అది కాదు" అంటాడు. అన్న చేతులు తుడుచుకుని, పోర్టల్‌లో ఎక్కిన పేరు మార్చమని సీడబ్ల్యూసీకి రాయడానికి తెల్లకాగితం వెతుక్కుంటాడు.