ఉమ్మడి స్కీమ్ తగవు: బరంపురం టీముల చిక్కు 2017లో పడింది

టీముల పనిని టికెట్లుగా రాసి నడిపే జీరా సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు ప్రాజెక్టుల మధ్య పంచుకోవాలా, ఎవరివి వాళ్లకే ఉంచాలా అన్న తగవు బరంపురం, రాయగడ టీముల్లో మళ్లీ లేచింది. ఈసారి కారణం వలస. సొంత సర్వర్ల మీద నడిపే డేటా సెంటర్ ఎడిషన్ 2029 మార్చి 28తో ఆఖరని జీరా తయారీదారు అట్లాసియన్ ప్రకటించాక, పెద్ద క్లయింట్లు క్లౌడ్‌కు వెళ్లేలోపు ఇల్లు సర్దుకునే పనిలో పడ్డారు. సర్దడమంటే వాళ్ల లెక్కలో స్కీములు, అంటే ప్రాజెక్టులకు తగిలించే సెట్టింగుల కట్టలు, తగ్గించడం. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఉండే అడ్మిన్ వర్క్‌ఫ్లోలన్నీ (టికెట్ ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లాలో చెప్పే క్రమాలు) కలిపేద్దామంటారు. ఇచ్ఛాపురానికి అటు ఆంధ్ర పని, ఇటు ఒడిశా పని ఒకే గదిలో చేయించే టీం లీడ్‌లు ససేమిరా అంటారు.

జీరా పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ అక్కర్లేదు. ఒక్కటి గుర్తుంటే చాలు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు పాతదాని సెట్టింగులు పంచుకునే ఎంపిక నొక్కితే జీరా నకలు తీయదు, రెండింటినీ అవే స్కీములకు కట్టేస్తుంది. కాంపొనెంట్లు (ప్రాజెక్టులోని విభాగాలు), వెర్షన్లు, రోల్స్‌లోని (ప్రాజెక్టు బాధ్యతల్లోని) మనుషులు మాత్రం రారు.

అసలు మలుపు 2017. అప్పటిదాకా వర్క్‌ఫ్లోలో చిన్న మార్పుకైనా మొత్తం జీరాను చూసే జీరా అడ్మినే దిక్కు. ఆ ఏడాది 7.3 వెర్షన్‌తో ఒక్క ప్రాజెక్టునే చూసే ప్రాజెక్టు అడ్మిన్‌కు తన వర్క్‌ఫ్లో తానే మార్చుకునే వీలు వచ్చింది. కానీ షరతు పెట్టారు: ఆ వర్క్‌ఫ్లోను ఇంకో ప్రాజెక్టు వాడుతూ ఉండకూడదు, జీరాతో వచ్చే డిఫాల్ట్‌ది అయి ఉండకూడదు. ఇచ్చిన హక్కు కూడా సగమే. అప్పటికే ఉన్న స్టేటస్ (టికెట్ దశ) తెచ్చి పెట్టుకోవచ్చు, కొత్తది పుట్టించలేరు. ట్రాన్సిషన్ (దశ నుంచి దశకు దారి) గీయవచ్చు, దాని కండిషన్లు (ఎవరు, ఎప్పుడు జరపవచ్చో), వ్యాలిడేటర్లు (జరిపేటప్పటి తనిఖీలు) ముట్టుకోలేరు. అయినా అంతవరకు ఏమీ లేనివాళ్లకు అదే ఎక్కువ.

ఆ షరతుతో సెట్టింగుల పంపకం కాస్తా పెత్తనం తగవైంది. పంచుకున్నవాడు ప్రతిదానికీ అర్జీ పెట్టుకోవాలి, విడిగా ఉన్నవాడికి ఆ బాధ లేదు. అలాంటప్పుడు ఎవరు మాత్రం పంచుకుంటారు? 2018లో నెక్స్ట్‌జెన్‌గా వచ్చి, తర్వాత టీమ్ మేనేజ్డ్‌గా పేరు మారిన ప్రాజెక్టులు ఇదే దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. అక్కడ సెట్టింగులు ప్రాజెక్టులోనే పుట్టి ప్రాజెక్టులోనే ఉంటాయి.

అడ్మిన్ల వాదన కొట్టిపారేసేది కాదు. టీమ్ మేనేజ్డ్ కాని ప్రాజెక్టుల్లో స్టేటస్‌లు జీరా మొత్తానికి ఉమ్మడి. ఒకరు ‘పూర్తి’, ఇంకొకరు ‘పూర్తయింది’, మరొకరు ‘ముగిసింది’ అని పెట్టించుకుంటే, అన్ని ప్రాజెక్టుల రిపోర్టు తీసే ఫిల్టర్ ఒక్క స్టేటస్‌నే పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేస్తుంది.

లీడ్‌ల అనుభవం వేరు. ఒడిశా వైపు ప్రాజెక్టుకు ‘ఒడియా పాఠం పరిశీలన’ అనే స్టేటస్ కావాలి. ఉమ్మడి వర్క్‌ఫ్లోలో చేర్చి పబ్లిష్ చేయగానే అది శ్రీకాకుళం ప్రాజెక్టులోకీ వచ్చేస్తుంది. అక్కడి బోర్డులో (టికెట్లను కాలమ్‌ల వారీగా కార్డులుగా చూపే పట్టికలో) దాన్ని ఏ కాలమ్‌కూ కలపలేదు. ఎవరైనా పొరపాటున టికెట్‌ను అందులోకి జరిపితే కార్డు బోర్డు మీద కనబడదు. టికెట్ పోయిందని ఫోన్లు మొదలు. అంతకన్నా చిక్కు తప్పనిసరి ఫీల్డుతో, అంటే టికెట్‌లో నింపి తీరాల్సిన గడితో. ఏ ఫీల్డు తప్పనిసరో చెప్పే ఉమ్మడి ఫీల్డ్ కాన్ఫిగరేషన్‌లో ‘ఒడియా సమీక్షకులు’ తప్పనిసరి అని పెట్టి, ఆ ఫీల్డును శ్రీకాకుళం ప్రాజెక్టు స్క్రీన్ (టికెట్ ఫారం) మీద పెట్టకపోతే, అక్కడ కొత్త టికెట్ తెరుచుకోదు. నింపమంటుంది, నింపడానికి గడే ఉండదు. తప్పు చేసింది ఒక ప్రాజెక్టు, పని ఆగింది ఇంకో దాంట్లో.

అన్నీ విడగొట్టాలనీ కాదు. ఎవరేం చేయవచ్చో చెప్పే పర్మిషన్ స్కీములో గ్రూపుల పేర్లు రాయకుండా రోల్స్ రాస్తే ఒకే స్కీమును ఎన్ని ప్రాజెక్టులకైనా వాడవచ్చు, రోల్‌లో ఎవరుండాలో ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టే చూసుకుంటుంది. ‘జిల్లా’ ఫీల్డు కూడా ఒక్కటే చాలు. కాంటెక్స్టులు (ఏ ప్రాజెక్టులో ఏ ఎంపికలు చూపాలో చెప్పేవి) రెండు చేసి ఒకదానికి గంజాం, గజపతి, రాయగడ, రెండోదానికి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ఇస్తే సరి. విడిగా ఉండాల్సింది వర్క్‌ఫ్లో, తప్పనిసరి ఫీల్డులు.

విడదీసేటప్పుడు వరస ముఖ్యం. ముందు వర్క్‌ఫ్లోకు కాపీ, తర్వాత వర్క్‌ఫ్లో స్కీముకు కాపీ. కొత్త స్కీములో ఇష్యూ (టికెట్) రకాలకు కాపీ వర్క్‌ఫ్లోను తగిలించి, ప్రాజెక్టును దానికి మార్చాలి. స్టేటస్‌లు రెండు వైపులా అవే కాబట్టి జీరా పాత టికెట్లను దేనికి జత చేయాలని అడగదు. కొత్త స్టేటస్ ఆ తర్వాతే చేర్చాలి. చేర్చిన వెంటనే బోర్డులో కాలమ్ చూపించాలి. తొందరపడి పాతదాంట్లోంచి ఒక స్టేటస్ తీసేసి మారిస్తే, అందులో ఉన్న ప్రతి టికెట్‌కూ కొత్త చోటు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఈ పనిలో ప్రాజెక్టును కొత్త స్కీముకు మార్చే మెట్టు తప్ప మిగతావి గంట పని కూడా కాదు. అయితే ప్రాజెక్టును వేరే స్కీముకు మార్చే హక్కు 2017లోనూ ప్రాజెక్టు అడ్మిన్‌కు ఇవ్వలేదు. అది జీరా అడ్మినే చేయాలి. స్కీములు తగ్గించమని పై నుంచి మాట వచ్చిన అడ్మిన్ ఇప్పుడు కొత్త స్కీము పెంచే అర్జీకి సంతకం పెట్టాలి. ఫైలు ఆగింది అక్కడే.