వేగిస గ్లాసులో నీలి మెరుపు

మా మేనమామ విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం ఒక ఎగ్జిబిషన్‌లో, షుగరు తగ్గిస్తుందంటే నమ్మి చెక్క గ్లాసు కొనుక్కొచ్చారు. రాత్రి అందులో నీళ్లు పోసి ఉంచి, తెల్లవారగానే పరగడుపున తాగేవారు. నెల తిరగకముందే షుగరు మాత్రలు మానేశారు. "చెట్టు మందు ఉండగా ఆ గోళీలు ఎందుకురా?" అన్నారు. మూడో నెలలో చూపు మసకబారితే పరీక్ష చేయించాం. పరగడుపు షుగరు 290 దాటింది.

ఆ గ్లాసు మీద నాకు కోపం రావాలి. కానీ రాలేదు, ఎందుకంటే ఆ చెక్క ఉత్త చెక్క కాదు. అది వేగిస. పెద్దేగి అని కూడా అంటారు, హిందీలో విజయసార్. ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. ఆ మాటకు గ్రీకులో రెక్కల కాయ అని అర్థం. ఎండిన వేగిస కాయ ఒకటి చేతిలోకి తీసుకుంటే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది: నడుమ గట్టి గింజ, చుట్టూ కాగితంలాంటి గుండ్రటి అంచు. బెరడుకు గాటు పెడితే నెత్తురులా ఎర్రటి జిగురు కారుతుంది. వగరుగా ఉండే ఆ జిగురును విరేచనాలకు మందుగా వాడేవారు. ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బరో మన సామర్లకోటలో ఉంటూ ఈ తీరపు మొక్కలను అధ్యయనం చేసినవాడే.

ఒకరోజు మామయ్య గ్లాసులోని నీళ్లను గాజు సీసాలో పోసుకుని పొద్దున్నే బీచ్ రోడ్డుకు వెళ్లాను. సముద్రం మీద లేస్తున్న సూర్యుడికి అడ్డంగా పట్టి చూస్తే పలచటి టీ రంగు. వీపు ఎండవైపు తిప్పి, సీసా వెనక నల్లటి గొడుగు గుడ్డ ఉంచి చూస్తే మాత్రం నీళ్ల అంచున నెమలి మెడ మీద ఉండేలాంటి నీలం! దీన్ని ప్రతిదీప్తి అంటారు. చెక్కలోంచి దిగిన పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, నీలి కాంతిగా తిరిగి వదులుతాయి. చూసినవారికి అది మహిమలా తోచడంలో తప్పేమీ లేదు. అయితే చెక్కలోంచి ఏదో నీటిలోకి దిగిందని మాత్రమే ఆ నీలం చెబుతుంది. ఎంత దిగింది, అది ఒంట్లో ఏం చేస్తుంది అన్నవాటికి అందులో జవాబు లేదు.

ఆ జవాబు కోసం భారత వైద్య పరిశోధనా మండలి ప్రయత్నించింది. కొత్తగా మధుమేహం బయటపడినవారికి వేగిస చేవ (మాను నడుమ ఉండే ముదురు చెక్క) నుంచి తీసిన సారాన్ని రోజుకు 2 నుంచి 4 గ్రాములు ఇచ్చి చూసింది. ఫలితాలు 1998లో వచ్చాయి. 12 వారాలకు 97 మందిలో 67 మందికి షుగరు అదుపులోకి వచ్చింది. ఎంత మంచి వార్త! కానీ అదే నివేదికలో మూడు నెలల షుగరు సగటును చూపే హెచ్‌బిఎ1సి 9.8 నుంచి 9.4కు మాత్రమే తగ్గింది. వైద్యులు చాలామందికి 7కు దగ్గరగా ఉండాలంటారు. పైగా పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న రెండో గుంపు లేదు. తర్వాత టోల్బుటమైడ్ అనే పాత షుగరు మాత్రతో పోలుస్తూ, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా మరో పరీక్ష జరిగింది. అందులోనూ వేగిస దీటుగానే నిలిచింది.

అంతకుముందు 1980ల్లో ఇంకా పెద్ద ఆశ రేగింది. వేగిసలోని ఎపికాటెచిన్ ఎలుకల క్లోమంలో ఇన్సులిన్ కణాలను మళ్లీ పుట్టిస్తోందని మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇతర ప్రయోగశాలలు, అప్పటికే మధుమేహం ముదిరిన ఎలుకల మీద ప్రయత్నిస్తే ఆ ఫలితం రాలేదు. అయినా "షుగరును వేళ్లతో పెకలిస్తుంది" అన్న ప్రచారం ఇప్పటికీ ఆగలేదు.

పరీక్షించింది కొలిచిన సారాన్ని, గ్లాసును కాదు. ఈ తేడానే మామయ్యకు నచ్చజెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. గ్లాసులోంచి ఎంత దిగుతుందనేది చెట్టు వయసును బట్టి, చేవను బట్టి, ఎన్ని రోజులుగా నీళ్లు పోస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. కొన్ని వారాలకు నీటి రంగే వెలిసిపోతుంది. నిన్నటి మోతాదు ఇవాళ ఉండదు. మాత్రలు మానేయడానికి ఇది ఆధారం కాదు. మాత్రలతో కలిపి తాగినా డాక్టరుకు తెలియాలి, షుగరు మరీ పడిపోవచ్చు.

నన్ను ఇంకా కలవరపెట్టేది చెట్టు సంగతి. వేపాకు కోసుకుంటే మళ్లీ చిగురిస్తుంది. వేగిస మందు ఉన్నది చేవలో. చేవ కావాలంటే చెట్టును నరకాల్సిందే, అదీ ఏళ్ల తరబడి ముదిరిన చెట్టును. గట్టి కాయలోంచి మొలక రావడం కష్టం. అడవిలో తరుగుతున్న ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ముప్పుకు చేరువైన వాటిలో చేర్చింది.

మామయ్య మళ్లీ మాత్రలు వేసుకుంటున్నారు. పోయిన నెల ఆయనతో ఎగ్జిబిషన్‌కు వెళ్లినప్పుడు అలాంటి గ్లాసులే బల్ల మీద బారుగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి, అడుగున ఉన్న వలయాలను వేలితో లెక్కపెట్టబోయారు. "ఇది ఎన్నేళ్ల చెట్టు బాబూ?" అని అడిగారు. అమ్మే అబ్బాయికి తెలియదు.