రిపోర్టంతా పాసులతో పచ్చగా ఉంటే చిప్ బాగున్నట్టేనా? వెరిఫికేషన్ మీద అపోహలు - వాస్తవాలు

చుట్టాలెవరైనా "ఏం పని చేస్తుంటావు?" అంటే "చిప్‌లు చెక్ చేస్తాను" అంటాను. వెంటనే నా చేతిలో భూతద్దం ఊహించేసుకుంటారు.

అపోహ: తయారైన చిప్‌ను పరీక్షించడమే వెరిఫికేషన్.

అది టెస్ట్ వాళ్ళ పని. తయారీలో ఏ ముక్కయినా చెడిందేమో వాళ్ళు చూస్తారు. మేం చూసేది డిజైన్‌ని, అదీ ఇంకా వెరిలాగ్ (చిప్ డిజైన్ రాసే భాష) కోడ్‌గా ఉన్నప్పుడే. సిలికాన్‌లోకి వెళ్ళాక తప్పు బయటపడితే చాలాసార్లు మాస్కులు (చిప్ మీద సర్క్యూట్ అచ్చువేసే ఫలకాలు) మళ్ళీ చేయించాల్సిందే. డబ్బూ పోతుంది, నెలలూ పోతాయి.

అపోహ: అన్ని ఇన్‌పుట్లూ ఇచ్చి చూసేస్తే సరి.

రెండు 32 బిట్ల సంఖ్యల్ని గుణించే చిన్న బ్లాకు తీసుకోండి. ఇన్‌పుట్ జతలు 2 పవర్ 64. సెకనుకు వంద కోట్ల చొప్పున చూసుకుంటూ పోయినా 580 ఏళ్ళు దాటుతుంది. డిజైన్‌ను కంప్యూటర్లో నడిపి చూపే మా సిమ్యులేటర్లకు అంత వేగం కలలో మాట.

పోనీ, ర్యాండమ్‌గా కొన్ని కోట్లు ఇస్తే? 1994 నాటి ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కథ ఇక్కడ చెప్పాలి. భాగహారానికి వాడే పట్టికలో 2 ఉండాల్సిన ఐదు గళ్ళలో 0 ఉండిపోయింది. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాల్సింది 1.33373 వచ్చేది. అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నాడు. ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల భారం పడింది. ర్యాండమ్ అంకెలిస్తే సుమారు 900 కోట్ల భాగహారాల్లో ఒక్కటి తప్పేది. అలాంటి చోట ఎన్ని రాత్రులు టెస్టులన్నిటినీ మళ్ళీ మళ్ళీ నడిపినా (మేం రిగ్రెషన్ అంటాం) లాభం తక్కువ, ఒక్కో గడినీ గురిపెట్టి అడగాల్సిందే.

అపోహ: కవరేజ్ (టెస్టులు డిజైన్‌లో ఎంత భాగాన్ని తాకాయన్న లెక్క) 100 శాతం వచ్చిందంటే పని అయిపోయినట్టే.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. కొత్తలో ఒక ఫిఫో నాకప్పగించారు. డేటా వచ్చిన వరుసలోనే బయటికి పంపే చిన్న క్యూ. అందులో ఎంత డేటా ఉందో లెక్కపెట్టే కౌంటర్ కోడ్ ఇంతే: రీడ్ (డేటా బయటికి తీయడం) వస్తే ఒకటి తగ్గించు, అది లేకపోతే, రైట్ (లోపల పెట్టడం) వస్తే ఒకటి పెంచు. నా టెస్టులన్నీ ముందు నింపి, తర్వాత ఖాళీ చేసేవి. రెండు లైన్లూ నడిచాయి, లైన్ కవరేజ్ నిండుగా వచ్చింది, నేను టీ తాగడానికి వెళ్ళాను.

రీడూ రైటూ ఒకే క్లాకులో (చిప్ గడియారపు ఒక్క టిక్కులో) వస్తే? ఒకటి పోయి ఒకటి వచ్చింది కాబట్టి లెక్క మారకూడదు. ఈ కోడ్ మాత్రం రీడ్‌నే చూసి ఒకటి తగ్గించేస్తుంది. చివరి డేటా లోపలే ఉండిపోతుంది, ఫిఫో మాత్రం ఖాళీ అంటుంది. కోడ్‌లో ఆ కేసుకు లైనే లేదు, లేని లైనును లైన్ కవరేజ్ ఎలా లెక్కపెడుతుంది? రెండు వారాల తర్వాత వేరే టీమ్ వాళ్ళు ఇది పట్టుకున్నారు. వాళ్ళ మెయిల్ చదువుతుంటే చెమటలు పట్టాయి.

అపోహ: ఫార్మల్ వాడితే ఇక తిరుగులేదు.

ఫార్మల్ టూల్ గణితంతో నిరూపిస్తుంది, నిజమే. కానీ "రిక్వెస్ట్ వస్తే నాలుగు క్లాకుల్లో గ్రాంట్ (అనుమతి) రావాలి" అని రాసి, పొరపాటున రిక్వెస్టే రాకుండా ఇన్‌పుట్లకు షరతు పెట్టామనుకోండి. టూల్ పాస్ అంటుంది. వాన పడని ఊళ్ళో ఇల్లు కారడం లేదని మురిసిపోయినట్టు! అందుకే అసలు రిక్వెస్ట్ రాగలదా అని ముందు అడుగుతాను.

అపోహ: డిజైన్ రానివాళ్ళే వెరిఫికేషన్‌కి వస్తారు.

పెళ్ళిచూపుల్లో కూడా విన్నాను ఈ మాట. డిజైన్ చేసినవాళ్ళే చెక్ చేస్తే స్పెక్‌ను (డిజైన్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రాన్ని) తప్పుగా చదివిన సంగతి వాళ్ళకు తెలియదు, టెస్టులోనూ అదే తప్పు రాస్తారు. ఒకసారి స్పెక్‌లో "పది సైకిళ్ళ తర్వాత టైమౌట్" అని ఉంది. పదో సైకిల్లోనే అని డిజైనర్, పదకొండులో అని నేను. తేలక ఇద్దరం ఆర్కిటెక్ట్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ స్పెక్ రెండుసార్లు చదివి, "రాసింది నేనే గానీ, నాకూ ఇప్పుడు డౌటే వస్తోంది, ఆగండి" అని ఆ లైను కొట్టేసి కొత్తగా రాశారు.