గ్యారంటీ ఇచ్చే థెరపిస్ట్ మంచి థెరపిస్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నాకు మొదటిసారి ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది అడిగేది ఒకే ప్రశ్న: "ఎన్ని సెషన్లలో తగ్గుతుందండీ?" భార్యాభర్తల గొడవ కావచ్చు, పడకగదిలో ఇబ్బంది కావచ్చు, కొడుకు తాను గే అని ఇంట్లో చెప్పడం కావచ్చు, తన జెండర్ గురించి తనకే తేలక ఒకరు పడుతున్న మథన కావచ్చు. ప్రశ్న మాత్రం అదే. అలా అడగడంలో తప్పేమీ లేదు. రాత్రుళ్ళు నిద్ర లేక, ఎవరికీ చెప్పుకోలేక, చివరికి ధైర్యం చేసి ఫోన్ తీసిన మనిషికి ఇది ఎప్పుడు ఒడ్డెక్కుతుందో తెలుసుకోవాలని ఉంటుంది. నేను ముందుగా ఏమీ చెప్పలేనంటాను. వెంటనే అవతలి నుంచి వినబడే మాట: "మరి వేరేచోట గ్యారంటీ ఇస్తామంటున్నారే!"

ఈ మాట విని విని రాస్తున్న పోస్ట్ ఇది. మిగతా అపోహల గురించి కూడా చివర్లో చెప్తాను. కానీ జనానికి డబ్బూ, ఏళ్ళూ, మనశ్శాంతీ అన్నిటికంటే ఎక్కువగా పోగొడుతున్నది ఈ ఒక్క నమ్మకమే.

అపోహ: గ్యారంటీ ఇచ్చేవాళ్ళకే సబ్జెక్ట్ బాగా తెలుసు

థెరపీలో ఫలితం ఒక్క థెరపిస్ట్ చేతిలో ఉండేది కాదు. వచ్చిన మనిషికి ఏం కావాలి, ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది, శరీరంలో ఏదైనా జబ్బు ఉందా, అన్నీ చూడాలి. ఏ పద్ధతిలో పనిచేసినా సరే, థెరపిస్ట్‌కీ వచ్చినవాళ్ళకీ మధ్య నమ్మకం కుదిరినచోట ఫలితం మెరుగ్గా ఉంటుందని పరిశోధనల్లో పదేపదే తేలింది. మిమ్మల్ని చూడకుండా, మీ మాట వినకుండా ఫలితం చెప్పేస్తున్నారంటే మీరు చెప్పబోయేదానితో వాళ్ళకి పని లేదనే అర్థం.

ఈ గ్యారంటీ మనిషిని లోపలి నుంచి విరిచేసేది లైంగిక ధోరణి విషయంలో. "మీ అబ్బాయిని మామూలుగా చేస్తాం", "ఆ ఆలోచనలు మాన్పిస్తాం" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను రుగ్మతల జాబితా నుంచి తీసేసింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. ట్రాన్స్ వ్యక్తుల విషయంలోనూ అంతే. 2019లో ఆమోదం పొంది 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా)లో జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్‌ను, అంటే పుట్టినప్పుడు రాసిన జెండర్‌కీ తనకి తెలిసిన జెండర్‌కీ పొంతన లేకపోవడాన్ని, మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసి, లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో పెట్టారు. వైద్యసాయం కావలసినవాళ్ళకి అందాలి కాబట్టి జాబితాలో ఉంచారు, అంతే. జబ్బే కానిదాన్ని నయం చేస్తానని ఫీజు తీసుకోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

"కానీ మారినవాళ్ళున్నారట కదా" అంటారు. దీనికి చాలాకాలం ఆధారంగా చూపించింది రాబర్ట్ స్పిట్జర్ అధ్యయనాన్ని. 1973 నిర్ణయంలో ముఖ్యపాత్ర పోషించిన సైకియాట్రిస్ట్ ఆయనే కావడంతో దానికి అంత విలువ వచ్చింది. మారామని చెప్పుకున్న 200 మందిని ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసి, కొందరిలో మార్పు వచ్చి ఉండొచ్చని 2003లో ప్రచురించారు. వాళ్ళు చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి తనకి లేదని 2012లో ఆయనే ఒప్పుకుని, గే సమాజానికి క్షమాపణ చెప్పారు. మార్పు సాధ్యమని దశాబ్దాలపాటు ప్రచారం చేసిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కూడా 2013లో క్షమాపణ చెప్పి తలుపులు మూసేసింది. ఆ వాగ్దానం చేసినవాళ్ళే వెనక్కి తీసుకున్నాక కూడా ఇంకా దాన్ని అమ్ముతున్నారు.

గ్యారంటీ ఫలించనప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. గ్యారంటీ ఇచ్చిన మనిషి ఏనాడూ తన తప్పు అనడు. నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడికి (ఆయన్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు) అంతకుముందు ఒకచోట "కోర్సు" ఇచ్చారు. మగవాళ్ళ గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా మణికట్టుకున్న రబ్బర్ బ్యాండ్ లాగి వదలాలి. రోజూ లెక్క రాసి చూపించాలి. కోర్సు అయిపోయింది, ఆకర్షణ ఎక్కడికీ పోలేదు. "నీకు పట్టుదల లేదు" అన్నారట. నా గదిలో కూర్చుని ఆయన మొదట అడిగింది, "నేను సరిగ్గా ప్రయత్నించలేదంటారా?" అని. గే కావడం గురించిన బాధ తర్వాత సంగతి. నేను ఓడిపోయాను, అమ్మానాన్నల డబ్బు వృథా చేశాను అనే బరువు దించడానికే మాకు నెలలు పట్టింది. కన్వర్షన్ థెరపీ (ధోరణిని మారుస్తామంటూ చేసే ఇలాంటి "చికిత్స") వల్ల డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయని పుస్తకాల్లో చదువుతాం. అవి ఎలా పెరుగుతాయో ఆ అబ్బాయి ముఖంలో చూశాను.

అమ్మానాన్నలు కూడా ఈ పోస్ట్ చదువుతారని తెలుసు. మీ మీద నాకు కోపం లేదు. బిడ్డకి ఏమవుతుందోనన్న భయంతోనే మీరు గ్యారంటీ వెతుకుతారు. ఆ భయానికి కూడా థెరపీ ఉంది. బిడ్డని లాక్కురావడం మాని మీరొక్కరే రండి. నాతో పనిచేసిన కుటుంబాల్లో ఇల్లు ముందుగా కుదుటపడింది ఎక్కువగా అలా వచ్చిన తల్లిదండ్రుల వల్లే.

దీనికి దగ్గరగా కనిపించే ఇంకో సమస్య ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. కొంతమందికి "నేను గేనేమో" అన్న అనుమానం రోజంతా వదలదు. ఎవరినైనా చూడగానే తమ శరీరం ఎలా స్పందిస్తోందో పరీక్షించుకుంటారు. ఇంటర్నెట్‌లో క్విజ్‌లు చేస్తారు, స్నేహితుల్ని అడుగుతారు, ఒక గంట ప్రశాంతంగా ఉండి మళ్ళీ మొదటికొస్తారు. ఇది ఓసీడీ కావచ్చు, అంటే వద్దన్నా అవే ఆలోచనలు తిరిగొచ్చి, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య. తమ ధోరణి ఏమిటో నిజంగా అర్థం చేసుకుంటున్న మనిషికి భయంతో పాటు ఇష్టం, ఊహ, కోరిక కూడా ఉంటాయి. ఓసీడీలో అనుమానం, దాన్ని పోగొట్టుకోవాలన్న తపనే ఎక్కువగా ఉంటాయి. ఈ తేడా ఒక్క సెషన్‌లో తేలకపోవచ్చు కూడా. "నువ్వు గే కాదు, గ్యారంటీ" అన్న మాట ఓసీడీ ఉన్న మనిషికి ఒక్కపూట ఊరట, ఆ తర్వాత రోగం రెట్టింపు. దీనికి ఇచ్చే చికిత్సలో అనుమానాన్ని తీర్చేయకుండా దాన్ని భరించడం నేర్పుతారు. తెలియని థెరపిస్ట్ చేతిలో పడితే ఓసీడీ ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పి చెప్పి జబ్బు పెంచుతారు, లేదా నిజంగా గే అయిన మనిషికి "ఇది ఓసీడీయే" అని చెప్పి ఏళ్ళు వెనక్కి నెడతారు.

భార్యాభర్తల విషయంలో గ్యారంటీ ఇంకో రూపంలో వస్తుంది. "మా ఆవిడకి కాస్త అర్థమయ్యేలా చెప్పండి." "ఆయన్ని మార్చండి చాలు." ఒకరి ఫిర్యాదు తీసుకుని ఇంకొకరిని సరిచేసే పని థెరపిస్ట్‌ది కాదు. ఇద్దరి మధ్య గొడవ ఎక్కడ మొదలై ఎలా తిరుగుతోందో చూపించి, దాన్ని ఆపడం ఇద్దరికీ నేర్పడం మా పని. ఒక్కోసారి దాని చివర మర్యాదగా విడిపోవడం ఉంటుంది. కాపురం నిలబెట్టి తీరతామని హామీ ఇచ్చేవాళ్ళు, ఎవరో ఒకరిని నోరు మూయించి నిలబెడతారు. ఇంకో ముఖ్యమైన విషయం: ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంటగా కౌన్సెలింగ్‌కి కూర్చోబెట్టడం ప్రమాదం. అక్కడ నోరు విప్పిన మాటకి ఇంటికెళ్ళాక శిక్ష పడుతుంది. అలాంటప్పుడు విడిగా వెళ్ళండి, ముందు భద్రత చూసుకోండి. అడిగి, ఇద్దరితో విడివిడిగా మాట్లాడి తెలుసుకోకుండానే జంటను ఒకేచోట కూర్చోబెట్టే థెరపిస్ట్‌ని నేను నమ్మను.

ఇక లైంగిక సమస్యలు. "కొన్ని వారాల్లో పూర్వ శక్తి" అని గోడల మీద, ఫోన్లలో కనిపించే ప్రకటనల గురించి ఒక్కటే చెప్తాను. అంగస్తంభన సమస్య షుగర్‌కో గుండెజబ్బుకో తొలి గుర్తు కావచ్చు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్ల కూడా కోరిక తగ్గుతుంది, భావప్రాప్తి ఆలస్యమవుతుంది. అందుకే మంచి థెరపిస్ట్ ముందు మిమ్మల్ని డాక్టర్ దగ్గరికి పంపుతారు. చేతకాక పంపుతున్నారని అనుకోకండి. మందులు మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1970లో పరిచయం చేసిన సెన్సేట్ ఫోకస్ పద్ధతి (కలయిక గురించి ఆలోచించకుండా స్పర్శ మీదే దృష్టి పెట్టే సాధన) నేటికీ వాడతాం. అందులో మొదట చేసేది కొన్నాళ్ళు కలయిక వద్దని చెప్పడం! "జరగాలి, జరిగి తీరాలి" అన్న టెన్షన్ పోతే తప్ప శరీరం సహకరించదు. గ్యారంటీ చేసేది సరిగ్గా ఆ టెన్షన్‌ని పెంచడం. పెళ్ళై ఏళ్ళు గడిచినా కలయిక సాధ్యం కాక, కండరాలు బిగుసుకుపోయి, తమలోనే ఏదో లోపముందని కుమిలిపోయే స్త్రీలు వస్తుంటారు. వెజినిస్మస్ అంటారు దాన్ని. ఓపికగా చేస్తే చికిత్సకి చక్కగా లొంగుతుంది. ఇంత నమ్మకంగా చెప్పగలిగినచోట కూడా నేను తేదీ చెప్పను.

మరి ఎలా ఎంచుకోవాలి?

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే అడగండి. ఏం చదివారు, లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందా, ఇలాంటి సమస్యతో వచ్చినవాళ్ళతో ఇంతకుముందు పనిచేశారా, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు. "గే కావడాన్ని మీరు జబ్బుగా చూస్తారా?" అని సూటిగా అడగండి. "మేం ఎవరినీ జడ్జ్ చెయ్యం, కానీ కావాలంటే మార్చుకోవచ్చు" అన్న జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. ఆ "కానీ"లోనే అంతా ఉంది. జంటగా వెళ్తుంటే, ఒకరు విడిగా చెప్పిన రహస్యాన్ని రెండోవాళ్ళ దగ్గర దాస్తారా అని ముందే తెలుసుకోండి. థెరపిస్ట్‌కొక నియమం ఉంటుంది, రహస్యం చెప్పేశాక అడిగితే లాభం లేదు. ప్రశ్నలు అడిగితే విసుక్కునే మనిషి రేపు మీ కన్నీళ్ళకి కూడా విసుక్కుంటారు.

ఇంకొన్ని, త్వరగా

"అక్కడ చెప్పింది ఇంట్లో చెప్పేస్తారు." చెప్పరు. గోప్యత మా వృత్తికి పునాది. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద వేధింపులు జరుగుతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మినహాయింపులు ఉంటాయి. మైనర్ల విషయంలో తల్లిదండ్రులకి ఎంతవరకు చెప్తారో మొదటిరోజే అడగాలి.

"సెక్స్ థెరపీ అంటే బట్టలు విప్పాలి, వాళ్ళ ముందు ఏదో చెయ్యాలి." లేదు, లేదు, లేదు. అది కూర్చుని మాట్లాడే థెరపీ. సాధన ఏదైనా ఉంటే మీ ఇంట్లో, మీ ఏకాంతంలో. శారీరక పరీక్ష అవసరమైతే అది డాక్టర్ పని, మీ అనుమతితో. థెరపిస్ట్ మిమ్మల్ని లైంగికంగా తాకినా, ఆ ప్రస్తావన తెచ్చినా వెంటనే లేచి వచ్చేయండి, ఫిర్యాదు చేయండి. "చికిత్సలో భాగం" అన్న మాట నమ్మొద్దు.

"ట్రాన్స్ మనిషికి ట్రాన్స్ థెరపిస్టే కావాలి." దొరికితే, మీకు ఇష్టమైతే మంచిదే. కానీ తప్పనిసరి కాదు. మీ పేరు, మిమ్మల్ని ఎలా పిలవాలి అన్నది మొదటి నిమిషంలో అడిగి, దాన్ని పాటించే థెరపిస్ట్ కావాలి. తనకి తెలియనిది మీ డబ్బుతో, మీ సమయంలో మీ చేతే నేర్పించుకునే మనిషి వద్దు.

"ఒకరి దగ్గర కుదరలేదంటే థెరపీ నాకు పడదు." ఒక థెరపిస్ట్ పడలేదు, అంతే. మొదటి సెషన్ తర్వాత బరువుగా అనిపించడం మామూలే, ఇన్నాళ్ళు దాచుకున్నది బయటికొచ్చింది కాబట్టి. మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా అక్కడ అబద్ధం చెప్పాల్సి వస్తోందంటే మాత్రం మారండి. "ఇక్కడ నాకు కుదరడం లేదు, ఇంకెవరినైనా చెప్పగలరా?" అని ఆ థెరపిస్ట్‌నే అడగొచ్చు. మేం బాధపడం. బాధపడితే అది మేం చూసుకోవాల్సిన సంగతి.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం సరైన థెరపిస్ట్ కోసం వెతుకుతూ కూర్చోకండి. ఈరోజే దగ్గరున్న ఆసుపత్రికి వెళ్ళండి, లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నమ్మకమైన ఒక మనిషిని పక్కన ఉంచుకోండి. ఎంపిక తర్వాత చేసుకోవచ్చు.

మొదటి సెషన్‌లో నోరు పెగలకపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. కాగితం మీద రాసుకెళ్ళి ఇచ్చేయండి. "నేను ఇది గట్టిగా చదవలేను, మీరు చదవండి" అంటే చాలు. చాలామంది అలాగే మొదలుపెడతారు.