మన కాలనీ, పక్కన లేచే అపార్ట్‌మెంటు: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను ఆర్కిటెక్టుని. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘాలకు బిల్డింగ్ ప్లాన్లు చదివి, అర్థమయ్యేలా చెబుతున్నాను. ఇండిపెండెంట్ ఇళ్ల వీధిలో ఒక ఇల్లు డెవలప్‌మెంటుకు వెళ్తుంది, అంటే దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టమని యజమాని బిల్డర్‌కు ఇస్తాడు. ఏడాది తిరిగేసరికి పక్కింటివాళ్లు వంటింట్లో పట్టపగలే లైటు వేసుకుంటారు. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది. ఆలస్యానికి కారణం చాలావరకు ఈ నమ్మకాలే.

అపోహ: "వాళ్ల స్థలం, వాళ్ల ఇష్టం. అడగడానికి మనమెవరం?"

అడిగే హక్కు మనకుందని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఉడిపిలో నివాస ప్రాంతంలో కళ్యాణ మండపాన్ని సినిమా హాలుగా మార్చడానికి మున్సిపాలిటీ అనుమతిస్తే, అక్కడ ఉండే ఒక మనిషి కోర్టుకెక్కాడు. 1974లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే, 1991లో అక్కడి నివాసులే గెలిచారు. చండీగఢ్‌లో ఒక కుటుంబం కోసం కేటాయించిన ప్లాట్లలో అంతస్తుకో అపార్ట్‌మెంటు చొప్పున అమ్ముకుంటుంటే సంక్షేమ సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 జనవరిలో 1 నుంచి 30 వరకు సెక్టార్లలో ఆ పద్ధతిని కోర్టు ఆపేసింది. ఊరి స్వరూపం కాపాడదగినదేనని ఇంత గట్టిగా చెప్పిన తీర్పు మనకు మరొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: "పర్మిషన్ ఉందట. ఇంక చేసేదేముంది?"

నేను ఎక్కువగా పోట్లాడేది ఈ మాటతోనే. పర్మిషన్ ఇచ్చేది ఆ కాగితం మీదున్న బొమ్మకు మాత్రమే. నేల మీద కట్టేది వేరే బొమ్మ అయితే ఆ పర్మిషన్ దాన్ని కాపాడదు.

ఒక కాలనీలో రిటైరైన టీచరమ్మగారు పిలిస్తే వెళ్లాను. పక్క ప్లాటులో పిల్లర్లు అప్పుడే లేస్తున్నాయి. శాంక్షన్ ప్లాన్‌లో ఆవిడ గోడవైపు సెట్‌బ్యాక్, అంటే వదలాల్సిన ఖాళీ జాగా, రెండున్నర మీటర్లు. "అమ్మా, టేపు ఆ చివర గోడకు ఆనించి పట్టుకోండి" అన్నాను. పిల్లర్ అంచుకు లాగితే మీటరు అరవై వచ్చింది. పైన బాల్కనీ ముందుకొస్తే మిగిలేది మనిషి పట్టేంత సందు. అదే రోజు ఫొటో తీశాం, టేపు మీద అంకె కనిపించేలా. ప్లాన్ నకలు జతచేసి సంఘం లెటర్‌హెడ్ మీద కార్పొరేషన్‌కు ఫిర్యాదు పెట్టాం. స్లాబ్ పడకముందే నోటీసు వెళ్లింది. బిల్డర్ ఆ వరస పిల్లర్లు తీసి లోపలికి జరిపాడు. నాలుగో స్లాబ్ పడ్డాక వెళ్లి ఉంటే అది జరిగేది కాదు.

ఇంత ముందే చూడాలని ఎందుకంటున్నానంటే, తెలంగాణలో భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీఎస్‌ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. అధికారి వచ్చి చూసేది ఆ తర్వాతే. ఆలోపు ఆ స్థలాన్ని రోజూ చూసే కళ్లు ఇరుగుపొరుగువే. మంజూరైన ప్లాన్‌ను నిర్మాణం జరిగే చోట అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బోర్డు లేకపోతే అడగండి. చూపించకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు ఉంది. అపార్ట్‌మెంటు అయితే కట్టడంలో పది శాతం కార్పొరేషన్‌కు తాకట్టులో ఉంటుంది, నివాసయోగ్యమని ఇచ్చే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే విడుదలవుతుంది. ఓసీ ఇచ్చే సమయానికి మీ ఫిర్యాదు ఫైలులో ఉంటే దాని బరువే వేరు.

ఫిర్యాదులో బాధ కంటే కొలతలు ఎక్కువ ఉండాలి. "మాకు గాలి రావట్లేదు" అన్న కాగితం పక్కకు వెళ్తుంది. "ప్లాన్‌లో 2.5, నేల మీద 1.6, తూర్పు వైపు" అన్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు. హైదరాబాద్ కార్పొరేషన్‌కు వర్తించే జీహెచ్‌ఎంసీ చట్టంలో సెక్షన్ 452 కింద షోకాజ్ నోటీసు, సెక్షన్ 636 కింద తొలగింపు ఉత్తర్వు ఉంటాయి. ఈ సెక్షన్ల నంబర్లు మీ కాగితంలో రాయండి.

అపోహ: "హైదరాబాద్‌లో ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు."

సగం నిజం. ప్లాటు సైజును బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006లో ఎత్తేశారు, అది వాస్తవం. కానీ ప్లాటు సైజు, ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ జాగా కలిసి ఎత్తును కట్టడి చేస్తాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 18 మీటర్లు దాటే హైరైజ్‌కు కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి, రోడ్డూ వెడల్పుగా ఉండాలి. అందుకే కాలనీలవాళ్లకు మొదట చెప్పేది, మీ రోడ్డు కొలుచుకోండి అని. లేఅవుట్‌లో 40 అడుగులు, నేల మీద గోడకూ గోడకూ మధ్య 33 అడుగులు ఉన్న వీధులు చాలా చూశాను. ఎవరు ముందుకు జరిగారో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

అపోహ: "కట్టేశాక ఫైన్ కట్టి రెగ్యులరైజ్ చేయించుకుంటారు."

ఆ ధైర్యంతోనే చాలామంది కడతారు. కానీ 2015లో తెచ్చిన బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే, అదీ హైకోర్టులో చిక్కుకుంది. ఏళ్లు గడిచాయనో, డబ్బు పెట్టేశారనో, అధికారులు ఊరుకున్నారనో అక్రమ కట్టడం సక్రమం కాదని ఇందాక చెప్పిన 2024 తీర్పే చెప్పింది. నోయిడాలో పచ్చటి జాగా ఉండాల్సిన చోట లేచిన జంట టవర్ల మీద అక్కడి నివాసుల సంఘం 2012లో కోర్టుకు వెళ్లింది. 2022 ఆగస్టు 28న అవి నేలకూలాయి. పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ సంఘంలో ఎవరో ఒకరు ఫైలు మోశారన్నది మర్చిపోకండి.

అపోహ: "పార్కు ఎక్కడికి పోతుంది? అది కాలనీదే."

పార్కు సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఈ వారమే. పాత లేఅవుట్లలో పార్కును కార్పొరేషన్‌కు గిఫ్ట్ డీడ్ ద్వారా రాసివ్వనివి ఉన్నాయి. అక్కడ కాగితం మీద యజమాని ఇంకా లేఅవుట్ వేసినాయనే. ఆయన వారసులు అమ్మితే మీకు తెలిసేది జేసీబీ వచ్చాకే.

అపోహ: "కాలనీని కాపాడటమంటే ఎవరిని ఉండనివ్వాలో మనం చూసుకోవడం."

కాదు. ఇది నేను ప్రతి మీటింగులో చెబుతాను, కొందరికి నచ్చదు. వెలుతురు, చెట్లు, డ్రైనేజీ, రోడ్డు, పార్కు: వీటిని కాపాడుకోవాలి. బ్యాచిలర్లకు ఇవ్వొద్దని, ఫలానా మతంవాళ్లకు, కులంవాళ్లకు ఇల్లు అద్దెకివ్వొద్దని తీర్మానం చేసే సంఘానికి నేను పని చేయను. అద్దెకుండేవాళ్లూ ఆ వీధి మనుషులే.

అపోహ: "డెవలప్‌మెంటుకు ఇచ్చేవాళ్లు కాలనీకి ద్రోహులు."

పిల్లలు దూరాన ఉండి, మెట్లెక్కలేక, ఇంటి మరమ్మతులకు డబ్బు లేక ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఒక కాలనీలో డెబ్బై దాటిన దంపతులు బిల్డర్‌తో ఒప్పందం రాసుకోబోతున్నారని తెలిసి, సంఘం నుంచి నలుగురు ఫిర్యాదుతో కాకుండా పళ్లు పట్టుకుని వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. పెద్దాయన అడిగింది ఒక్కటే: "లిఫ్టు కావాలి బాబూ, మా ఆవిడ మోకాళ్లు పోయాయి. ఆ వేపచెట్టు మాత్రం మా అమ్మ పెట్టింది." బిల్డర్‌ను కూర్చోబెట్టి ఆ మధ్యాహ్నమే డ్రాయింగ్ మార్చాం. ర్యాంప్ చెట్టు వైపు నుంచి అవతలికి వెళ్లింది, ఒక పార్కింగ్ జాగా తగ్గింది, అంతస్తులు రోడ్డుకు తగినన్నే మిగిలాయి. ఒప్పందంలో చెట్టు కొట్టరాదని ఒక షరతు రాయించాం. ఇప్పుడు వాళ్లిద్దరూ మొదటి అంతస్తులో ఉంటున్నారు. వేప కొమ్మ వాళ్ల బాల్కనీ గ్రిల్‌కు తగులుతుంది.