టెక్సాస్ బడుల్లో బైబిల్: అందరూ చూపించే ఆ తీర్పులో అసలేముంది?

టెక్సాస్‌లో బైబిల్ పాఠాల గొడవ మళ్లీ రాజుకుంది. 2024 నవంబరులో రాష్ట్ర విద్యా బోర్డు 8-7 ఓట్లతో ఆమోదించిన, బైబిల్ కథలు కలిసిన ‘బ్లూబానెట్’ పాఠాలు చాలవన్నట్టు, పిల్లలు తప్పనిసరిగా చదవాల్సిన రచనల జాబితాలో బైబిల్ భాగాలను చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. డాలస్ శివార్లలో మన తెలుగు పిల్లలు వెళ్లే ప్రభుత్వ బడులూ ఈ బోర్డు పరిధిలోవే. ఇది మతబోధ కాదని, సాహిత్యమని, 1963లో సుప్రీంకోర్టే దీనికి ఒప్పుకుందని సమర్థకుల వాదన.

చర్చి వేరు, ప్రభుత్వం వేరు, అంటే ప్రభుత్వ బడి ఏ మతాన్నీ రుద్దకూడదు అన్నది అమెరికాలో పాత సూత్రమే. ఆ 1963 కేసు దగ్గరే కాసేపు ఆగాలి.

ప్రతి ఉదయం బడిలో బైబిల్ నుంచి కనీసం పది వచనాలు చదవాలని, వాటిపై ఏ వ్యాఖ్యానమూ చేయకూడదని పెన్సిల్వేనియా చట్టం చెప్పేది. 1956లో అబింగ్టన్ హైస్కూల్లో పదహారేళ్ల ఎల్లరీ షెంప్ ఆ సమయంలో ఖురాన్ తెరిచి చదువుకున్నాడు. ప్రిన్సిపాల్ గదికి పంపించారు. కుటుంబం కోర్టుకెక్కింది. విచారణలో యూదు పండితుడు సోలమన్ గ్రేజెల్, బైబిల్‌లో యేసు గురించి చెప్పే కొత్త నిబంధనలోని కొన్ని భాగాలను వివరణ లేకుండా చదివితే యూదు పిల్లల మనసు గాయపడుతుందని సాక్ష్యం చెప్పారు.

8-1తో వచ్చిన తీర్పు ఆ పఠనాన్ని కొట్టేసింది. రాసింది జస్టిస్ టామ్ క్లార్క్, డాలస్‌లోనే పుట్టినాయన. సాహిత్య, చారిత్రక విలువల కోసం, లౌకిక విద్యలో భాగంగా, నిష్పాక్షికంగా బైబిల్‌ను అధ్యయనం చేస్తే అభ్యంతరం లేదని అందులోనే చేర్చారు. ఆ కేసులో తేల్చాల్సిన ప్రశ్న నిజానికి అది కాదు. వ్యాఖ్యానం వద్దన్న చట్టం పోయింది, వ్యాఖ్యానంతో కూడిన చదువుకు దారి మిగిలింది. మరి ఆ వ్యాఖ్యానం చెప్పేదెవరు?

టెక్సాస్‌లోనే ఒడెస్సాలో ఒక బైబిల్ కోర్సు నిష్పాక్షికంగా లేదని తల్లిదండ్రులు 2007లో దావా వేశారు. మరుసటి ఏడాది రాజీ కుదిరి, బడులు ఆ పాఠ్యక్రమాన్ని వదులుకున్నాయి. అదే 2007లో చేసిన రాష్ట్ర చట్టం, తొమ్మిదో తరగతి నుంచి పైవారికి బైబిల్ సాహిత్యాన్ని ఐచ్ఛికంగా చెప్పొచ్చంది. టీచర్లకు శిక్షణ ఇవ్వాలంది. శిక్షణకు డబ్బు మాత్రం కేటాయించలేదు. కొన్నేళ్ల తర్వాత మత అధ్యయన ఆచార్యుడు మార్క్ చాన్సీ ఆ కోర్సులను పరిశీలిస్తే, మనుషుల్లో జాతులు బైబిల్ కథలోని నోవహు కొడుకుల నుంచి వచ్చాయని చెప్పే పాఠాలు కూడా కనిపించాయి.

సమర్థకుల మాటలో పస లేదనలేం. 1858లో లింకన్ చేసిన ‘చీలిన ఇల్లు’ ప్రసంగానికి మూలం సువార్తల్లోనే ఉంది; బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ బైబిల్లో రాజాజ్ఞను ధిక్కరించిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలను తలుచుకుంటుంది. కానీ ఆ లేఖను పదహారేళ్లవాళ్లు ప్రశ్నలు వేస్తూ చదువుతారు. బ్లూబానెట్ పాఠాలు కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి వరకు. రెండో తరగతిలోనే బైబిల్లోని ఎస్తేరు రాణి కథ వస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు టీచరు చెప్పిందే వేదం.

బ్లూబానెట్ పాఠాలు తీసుకోవడం బడులను నడిపే స్థానిక జిల్లాల ఇష్టమేనని బోర్డు అంటోంది. తీసుకున్న జిల్లాకు విద్యార్థికి 60 డాలర్ల వరకు అదనంగా అందుతాయి.